వంటింటిలో దైవసన్నిధి

'చిత్తము శివునిమీద, భక్తి చెప్పులమీద' అని తెలుగువారి సామెత. గుడిలో చేతులు జోడించి నిలిచిన మనుష్యుని తలంపు మాటిమాటికి వాకిట విడిచిన చెప్పులమీదికి పోవుచుండుట చూచి మన పెద్దలు నవ్విన నవ్వు అది. గుడికి పోవువాడైనను, మసీదునకు పోవువాడైనను, చర్చిలో బల్లపై కూర్చుండి కీర్తన పాడువాడైనను ఆ నవ్వునకు గురికానివాడు అరుదు. క్రైస్తవునికి ఈ చిక్కు మరికొంత పెద్దది. ఆజ్ఞలన్నిటిలో ప్రధానమైనది ఏదియని శాస్త్రి యొకడు అడిగినప్పుడు, దేవుని పూర్ణహృదయముతో ప్రేమించుటయే యని యేసు బదులు చెప్పినట్లు మార్కు సువార్త పండ్రెండవ అధ్యాయమున ఉన్నది. ఆ మాట ఆయన క్రొత్తగా కల్పించినది కాదు. యూదులు ఉదయసాయంకాలములందు వల్లించుకొను ద్వితీయోపదేశకాండములోనిదే. హృదయములో ఒక పాలు ఇచ్చిన చాలదట. మొత్తము కావలెనట.

బడిపంతులు, పరీక్షకు చదువుకొను విద్యార్థి, పొయ్యివద్ద పొగలో నిలిచిన ఇల్లాలు దినమునకు ఎంతసేపు దేవునికి ఈయగలరు? ఉదయమున ఒక పావుగంట, రాత్రి ఒక పావుగంట, ఆదివారమున ఒక పూట. తక్కిన కాలమంతయు ఎవరిది? పదునేడవ శతాబ్దమున పారిస్ నగరములోని ఒక మఠమున వంటవాడొకడు ఈ ప్రశ్నతో చాలకాలము పెనుగులాడినాడు. ఆయనను లోకము సహోదరుడు లారెన్సు అని ఎరుగును.

అసలు పేరు నికొలాస్ హెర్మన్. నేడు ఫ్రాన్సు దేశమునకు ఈశాన్య భాగమైయున్న లొరేన్ ప్రాంతమున, ఎరిమెనిల్ అను పల్లెలో 1614 ప్రాంతమున పేదల ఇంట పుట్టినాడు. ఆనాటికి లొరేన్ ఒక డ్యూకు ఏలుబడిలోని ప్రత్యేక రాజ్యము. పదునెనిమిదేండ్ల ప్రాయమున, శీతకాలమందు, ఆకులన్నియు రాలిపోయిన చెట్టు నొకదానిని చూచుచు నిలిచినాడు. ఇది కొలదినాళ్లలో చిగిర్చును, పూచును, కాచును గదా యని తోచినది. ఆ తోపుతో దేవుని శక్తియు, ఆయన సంరక్షణయు మనస్సునకు పట్టినవి. మోడును చూచి లోకము అశాశ్వతమని వైరాగ్యము పొందినవారు పెక్కురు. మోడును చూచి చిగురును తలంచినవాడు ఈతడు. నాడు పుట్టిన ప్రేమ ఆ తరువాత పెరిగినదో లేదో తాను చెప్పజాలనని ముదిమిలో అనెడివాడట.

అయితే చెట్టును చూచిన మరునాడే మఠమున చేరలేదు. ముప్పదియేండ్ల యుద్ధము (1618–1648) మధ్య యూరపును తగులబెట్టుచున్న కాలమది. అతడు డ్యూకుగారి సేనలో సిపాయి. జర్మను సైనికులు పట్టుకొని, గూఢచారి వని ఉరితీయుదుమని బెదరించినారు. అతడు బెదరలేదు, చావునకు సిద్ధముగా ఉన్నవానివలె మాటలాడినాడు, విడిచిపెట్టినారు. 1635లో రాంబెర్విలే వద్ద స్వీడను సేనలతో జరిగిన పోరులో గాయపడినాడు. ఆ కుంటు మరి పోలేదు. సైన్యము విడిచి, కొంతకాలము ఏకాంతవాసము చేసి చూచినాడు, మనస్సు నిలువలేదు. పిమ్మట ఫియుబె అను కోశాధికారి యింట సేవకుడుగా కుదిరినాడు. చేయి తగిలినదెల్ల పగులగొట్టు మొరటువాడనని ఆ దినములను గూర్చి తానే చెప్పుకొనెడివాడు.

1640లో పారిస్‌లోని నిష్పాదుక కార్మెల్ సభవారి మఠమున చేరినాడు. బూట్లు మాని వట్టి చెప్పులతో తిరుగు నియమము గల సన్న్యాసులు వారు. తన మొరటుతనమునకు అక్కడ తగిన శిక్షలు దొరకును, వానిని సహించి దేవునికి అర్పింతునని తలంచి పోయినాడట. తీరా చూడగా తృప్తియే గాని శిక్ష లేదు, దేవుడు తన ఎత్తును చెడగొట్టినాడని బొఫోర్ అను గురువుతో తరువాత అన్నాడు. చదువు లేనివాడగుటచే గురుపట్టమునకు గాక సామాన్య సహోదరుడుగా స్వీకరింపబడి, వంటశాలకు నియమింపబడినాడు. ఇక్కడ ఒక చిన్న విషయము గమనింపదగినది. వంటపని ఆయనకు స్వభావసిద్ధముగా గిట్టదు. గిట్టని ఆ పనిలోనే సుమారు పదునైదేండ్లు గడిపినాడు.

ఆయన చెప్పిన సంగతులు మనకు చేరిన తీరు విచిత్రమైనది. పైని పేర్కొన్న బొఫోర్ 1666 ఆగస్టు 3వ తేదీన మొదటిసారి వచ్చి, 1667 నవంబరులోగా మొత్తము నాలుగు పర్యాయములు మాటలాడి, విన్నదానిని వ్రాసికొన్నాడు. ఇవిగాక పదునైదు పదునారు ఉత్తరములున్నవి. ఒక సన్న్యాసిని పదేపదే అడుగగా, ఎవ్వరికిని చూపరాదను షరతుపై ఒక ఉత్తరము వ్రాసినాడు. ఆ షరతు నిలువలేదు. నిలిచియుండిన మనకు మిగులునది కొంతయే. 1692లోను, 1694లోను బొఫోర్ వీనినన్నిటిని అచ్చు వేయించినాడు.

ఆ చిన్న పుస్తకమునకు పేరు తెచ్చినవి వంటయింటి మాటలు. పెనముమీద గ్రుడ్డట్టును తిరుగవేయుటయు దేవుని ప్రేమకొరకే. అది అయిన పిమ్మట చేయుటకు మరేమియు లేనిచో అక్కడనే నేలపై సాగిలపడి, ఆ పని చేయు కృప ఇచ్చినందులకు మ్రొక్కి, రాజుకంటె సంతుష్టుడనై లేతును అనెడివాడు. నేలనుండి గడ్డిపరక నొకదానిని తీయుటయైనను ఆ ప్రేమకొరకు చేసినచో చాలుననెడివాడు. మఠమునకు ద్రాక్షసారా కొనుటకై బర్గండీకి పంపినప్పుడు బేరము తెలియదు, కుంటికాలితో నడువలేడు, పడవలో పీపాలమీదుగ దొర్లుచు పోవలసి వచ్చినది. ఈ పని నీదే యని దేవునితో చెప్పి సాగినాడు. పని బాగుగనే నెరవేరినదని మాత్రము చెప్పినాడు.

ఇవి చదివి ముచ్చటపడి పుస్తకము మూయువారు ఎక్కువమంది. వారు దాటిపోవు పుట ఒకటి కలదు. మఠములో చేరిన తరువాత పదియేండ్లు ఆయన పడిన బాధ అందులో ఉన్నది. తాను కోరినంతగా దేవునివాడను కాలేదను భయము, గడచిన పాపముల జ్ఞాపకము, తనకు తగని కృపలు కలుగుచున్నవను కలవరము, మాటిమాటికి పడుట, మరల లేచుట. మనుష్యులు, బుద్ధి, దేవుడు సహా తనకు ఎదురు నిలిచినట్లుండెనట. పక్షమున నున్నది విశ్వాసమొక్కటే. ఒక్కొక్కప్పుడు ఆ విశ్వాసమును కూడ సంశయములు కలచెడివి. దేవుడు దయచూపుచున్నాడనుకొనుట నా అహంకారమేమో, నేను నశించినవాడనేమో యని వాపోయినాడు. సంతోషముగా అట్టు వేసిన మనుష్యుడును, ఈ మనుష్యుడును ఒక్కరే.

ఆ పదియేండ్లు ఎట్లు ముగిసినవి? ఔషధము దొరికి కాదు. ఈ బాధ నా ఆయుష్షు ఉన్నంతవరకు ఉండుగాక, అయినను నేను చేయునది దేవుని ప్రేమకొరకే చేయుదును అని నిశ్చయించుకొన్నాడు. ఫలితము వదలుకొన్న ఆ క్షణముననే మనస్సు మారిపోయినదని, లోతైన శాంతి కలిగినదని వ్రాసినాడు. భగవద్గీత చదివిన తెలుగు పాఠకునికి ఇది నిష్కామకర్మవలె వినిపించును. పోలిక లేకపోలేదు. అయితే లారెన్సు దృష్టి కర్మమీద గాని, దాని ఫలముమీద గాని లేదు; ప్రక్కన నిలిచియున్నాడని తాను నమ్మిన ఒకానొక వ్యక్తిమీద ఉన్నది. వంటవాడు పని చేయుచు యజమానితో మాటలాడునట్లు ఆయన దేవునితో మాటలాడుట నేర్చుకొన్నాడు. పూర్ణహృదయమనగా ఆయనకు ప్రార్థనాకాలము పెంచుట కాదు. ప్రార్థనాకాలమునకును తక్కిన కాలమునకును నడుమనున్న గోడను తీసివేయుట.

గోడ తీసివేసినచో ఇక ఆరాధన ఎందుకు, మఠనియమము ఎందుకు అను ప్రశ్న వచ్చును. ఆయనకు ఆ ప్రశ్న రాలేదు. పెద్దలు చెప్పిన ప్రార్థనలకు వేళకు పోయినాడు. కాని లోకము ఊరుకొనలేదు. మనస్సును నిశ్చలముగ దేవునికి వదలిన చాలును, మానవప్రయత్నము అక్కరలేదను వాదముపై ఆ శతాబ్దాంతమున ఫ్రాన్సులో పెద్ద రగడ జరిగినది. లారెన్సును అస్వస్థతలో పోయి చూచి, ఆయనయందు గౌరవము నిలుపుకొన్న ఫెనెలొన్ ఆర్చిబిషప్పు గ్రంథమును 1699లో పోపు పన్నెండవ ఇన్నోసెంటు ఖండించినాడు. ఆ నీడ వంటవాని పుస్తకముమీద కూడ పడినది. స్వదేశపు కథోలికులకంటె పరదేశపు ప్రొటెస్టంటులే దానిని ఎక్కువగా చదువ సాగినారు. 1749 మొదలు 1755 వరకు జాన్ వెస్లీ ప్రకటించిన 'క్రైస్తవ గ్రంథమాల'లో దానికి చోటు దొరికినది. ప్రయత్నము అక్కరలేదన్న నింద ఈయనకు అంటునట్టిది కాదు. పదియేండ్లు పెనుగులాడినవానిని, తెల్లవారినది మొదలు పొయ్యి ఊదినవానిని నిశ్చేష్టుడనుట న్యాయము కాదు.

మరొక దుర్వినియోగము కలదు, దానిని గూర్చి ఎక్కువమంది మాటలాడరు. చాకిరి చేయువానితో, 'నీవును లారెన్సువలె గరిటెతో తృప్తిపడుము' అని కూర్చున్నవారు చెప్పుట. లారెన్సు ఆ వ్రతమును తానుగా పట్టినాడు. ఒకనిచేత బలవంతముగ పట్టించుటకు ఆ పుస్తకము అనుమతి ఈయదు.

బడులలోనివారికి మిక్కిలి పనికివచ్చు ఉత్తరము చెదరు మనస్సును గూర్చినది. ప్రార్థనలో తలంపులు పారిపోవుచున్నవని ఒక స్త్రీ మొరపెట్టగా, ఇది నీ యొక్కదాని బాధ కాదని ఓదార్చి, ధనికుని వాకిట మూగవాడో, పక్షవాతరోగియో అయిన బిచ్చగాడు నిలిచినట్లు దేవునియెదుట నిలువుమన్నాడు. మనస్సు తొలగినచో దానిమీద విరుచుకుపడి కలత పెంచుకొనవద్దు. నెమ్మదిగ మరల తెచ్చుకొనవలెను. తాను తప్పు చేసినప్పుడును ఆయన పద్ధతి ఇదియే: నీవు విడిచితివేని నేను చేయునది ఇట్టిదే, పడకుండ చూచుటయు చెడినది బాగుచేయుటయు నీ పని, అని దేవునితో చెప్పి, దానిని మరల త్రవ్వుకొనక లేచిపోయెడివాడు. గంటల కొలది పశ్చాత్తాపపడుటలో కూడ తన్ను తాను చూచుకొనుటయే ఎక్కువని ఆయన కనిపెట్టినట్లున్నది.

ఈ దారినే ఇరువదవ శతాబ్దమున నడచినవాడు అమెరికా దేశీయుడు ఫ్రాంక్ లాబక్ (1884–1970). ఫిలిప్పీన్ దీవులలోని మిండనావోలో, మరనావు ముస్లిముల నడుమ 1930లో నివసించుచు, నిమిష నిమిషమునకు దేవుని జ్ఞాపకము చేసికొనుట సాధ్యమగునా యని తనమీద తానే పరీక్ష చేసికొన్నాడు. ఎన్ని నిమిషములు తప్పిపోయినవో తండ్రికి ఉత్తరములలో దాపరికము లేక వ్రాసినాడు. ఒక సాయంకాలము ఇంటివెనుక కొండమీద కూర్చుండగా, ఈ జనులకంటె తాను గొప్పవాడనను భావము తనలో దాగియున్నదని గ్రహించినాడు. కొండ దిగి, వారి మతపెద్దలయొద్ద ఖురాను నేర్చుకొనుటకు కూర్చున్నాడు. వ్రాత నేర్పుటకు పటములు తయారుచేసి, నేర్చిన ప్రతివాడును మరొకనికి నేర్పవలెనను పద్ధతిని ప్రచారము చేసినవాడు ఈయనయే. ఆ పనిమీద మన దేశమునకు వచ్చి, 1940లో భారతదేశ అక్షరాస్యతను గూర్చి ఒక గ్రంథము ప్రకటించినాడు. దేవుని తలంచుట మొదలిడినవాడు ప్రక్కనున్న నిరక్షరుని చూడసాగినాడు. నిశ్చలవాదమన్నవారికి ఇంతకు మించిన సమాధానము దొరకదు.

లారెన్సునకు ముదిమి వచ్చి, కాలు మరింత బాధింపగా, వంటశాలనుండి తప్పించి మఠమువారి చెప్పులు కుట్టు పని ఇచ్చినారు. ఇది ఆయనకు ఎక్కువ ఇష్టమైనది. మన సామెతలోని చెప్పులు దేవునినుండి మనస్సును లాగినవి. ఈయన చేతిలోని చెప్పులకు ఆ శక్తి లేకపోయినది. మఠమునకు వెలుపలివారు, చదువుకొన్నవారు, మాటకు వచ్చెడివారు. వారికి ఆయన దాచిన రహస్యమేమియు చెప్పలేదు. చేయుచున్న పనిని మానక మాటలాడినాడు.

1691 ఫిబ్రవరి 6వ తేదీన వ్రాసిన ఉత్తరములో, కొన్ని దినములలో ఆయనను చూతునని ఆశించుచున్నానని ఉన్నది. రెండు దినములకు మంచము పట్టినాడు. మరణశయ్య చుట్టు నిలిచిన సన్న్యాసులలో ఒకరు, ఇప్పుడేమి చేయుచున్నారు, మనస్సు దేనిమీద ఉన్నది అని అడిగినారు. నిత్యత్వమంతయు ఏమి చేయుదునో అదే చేయుచున్నాను, దేవుని స్తుతించి ప్రేమించుచున్నాను, మన వృత్తి ఇదియే గదా అన్నాడు. ఆ నెల 12వ తేదీన మరణించినాడు. అప్పటికి మఠములో చేరి ఏబదియేండ్లు దాటినది.