వేట విల్లు, నాటు తుపాకి, నేటి చట్టం: సరిహద్దు పల్లెలు తెలుసుకోవలసిన సంగతులు

రామయ్యపట్నం వంటి సముద్రతీర గ్రామాలలో వేట అనగానే గుర్తుకు వచ్చేది తెప్ప, వల, చేప. పడమట కొండల వైపు నడిస్తే అదే మాటకు అర్థం మారుతుంది. అక్కడ వేట అంటే విల్లంబులు, నాటు తుపాకి, కుందేలు, అడవి పంది, కొండగొర్రె. ఎండలు ముదిరి, అడవిలో ఆకు రాలి, నీటి చెలమలు ఒక్కొక్కటే ఇంకిపోయే చైత్ర మాసం తరతరాలుగా ఈ వేటకు కాలం. తీర గ్రామాలవారికి కూడా ఇది పరాయి సంగతి కాదు. కొండవైపు చుట్టాలున్న కుటుంబాలున్నాయి. సరుగుడు తోటలో కుందేలుకు ఉచ్చు పన్నడం, ఉండేలుతో కౌజు పిట్టను కొట్టడం ఎరిగిన పిల్లలూ ఉన్నారు.

ఇటువంటి చిన్న వేటను గురించి పల్లెలలో మూడు మాటలు తరచుగా వినిపిస్తాయి. “పులిని చంపామా, చిన్న జంతువే కదా” అన్నది మొదటిది. “తుపాకి కాదు, విల్లే కదా” అన్నది రెండవది. “మా పొలంలోకి వచ్చినదానినే కొట్టాము కదా” అన్నది మూడవది. ఈ మూడింటినీ నమ్ముకొని వెళ్లిన యువకుడు జైలు పాలు కావచ్చు, ఇంటికి ఆధారమైన మోటారు సైకిలు పోగొట్టుకోవచ్చు. కనుక ఒక్కొక్క మాటలోని నిజమెంతో విడివిడిగా చూడడం అవసరం.

పూర్వపు వేట

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు గంజాం మద్రాసు రాజధానిలో భాగం. జిల్లాలోని కొండ ప్రాంతాన్ని ఆనాటి దొరలు మాలియాలు అని పిలిచేవారు. అక్కడి సవరలకు, ఖోండులకు విల్లు కేవలం ఆయుధం కాదు, పురుషుని చేతి పనిముట్టు. వెదురు బద్దతో విల్లు, వెదురు పేటుతోనే నారి కట్టుకొనేవారు. పెద్ద జంతువుకు ఇనుప ములికి ఉన్న బాణం, పక్షికి మొన లేని మొద్దు బాణం వాడేవారు. సవర భాషకు వ్యాకరణము, నిఘంటువు సమకూర్చిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండి ఆ జీవితాన్ని దగ్గరగా చూసినవారే.

ఆ వేట ఒంటరివాని పని కాదు. కొందరు డప్పులతో, కేకలతో అడవిని తోలితే, మరికొందరు దారి కాచి కొట్టేవారు. దొరికినది జట్టు అంతా పంచుకొనేది. నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగమైన విశాఖ మన్యంలో చైత్రంలో జరిగే ఇటుకల పండుగ ఈ సంప్రదాయానిదే. విత్తనాలకు పూజ చేయడం, మగవారు వేటకు పోవడం, వట్టి చేతులతో తిరిగి వచ్చినవారిని ఆడవారు ఎగతాళి చేయడం, దారి కాచి ‘పజోరు’ వసూలు చేయడం అందులో భాగాలు. అనగా ఆ పండుగలో వేట ఒక అంగం మాత్రమే. విత్తనం, పాట, ఆట, చుట్టరికం మిగిలిన అంగాలు.

తెలుగువారికి వేటగాడు హీనుడు కాడు. తిన్నడు వేటగాడు, కన్నప్పగా పూజలందుకొన్నాడు. అందుచేత వేటాడిన తాతలను నిందించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే ఆనాటి అడవి వేరు, ఆనాటి జన సంఖ్య వేరు, ఆనాటి చట్టమూ వేరు.

“చిన్న జంతువే కదా”

ఈ మాటకు ఒకప్పుడు ఆధారం లేకపోలేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినప్పుడు అది వేటను పూర్తిగా నిషేధించలేదు. పెద్ద జంతువుల వేటకు ఒక లైసెన్సు, చిన్న జంతువుల వేటకు మరొక లైసెన్సు అందులో ఉండేవి. కుందేలు ఆ చిన్న వేట జాబితాలోనిది. 1991లో చట్టాన్ని సవరించి ఆ వేట లైసెన్సులను తొలగించారు. ఆనాటి నుండి వినోదానికి గాని, కూరకు గాని అడవి జంతువును కొట్టడానికి అనుమతి ఇచ్చే కాగితం దేశంలో లేదు. లైసెన్సుల కాలం చూసిన పెద్దలు ఆనాటి పద్ధతిని చెప్పగా విని, ఈనాటికీ అదే చెల్లుతుందని పిల్లలు నమ్మడం వలన చిక్కు వస్తున్నది.

2022లో చట్టాన్ని మరల సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుండి అది అమలులో ఉన్నది. రక్షణ పొందే జంతువులను ఇప్పుడు రెండు జాబితాలలో చేర్చారు. మొదటి షెడ్యూలులో పులి, ఏనుగు, కృష్ణజింక, నెమలి, మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే సముద్రపు తాబేలు వంటివి ఉన్నాయి. కుందేలు, అడవి పంది, చుక్కల దుప్పి రెండవ షెడ్యూలులో ఉన్నాయి. మొదటి షెడ్యూలు జంతువును చంపితే 3 సంవత్సరాలకు తగ్గకుండా 7 సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. రెండవ షెడ్యూలు జంతువుకైతే 3 సంవత్సరాల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. శిక్షలో తేడా ఉన్నది కాని, కుందేలును కొట్టడం నేరమే.

కొండగొర్రె విషయంలో పేరే మోసం చేస్తుంది. అది గొర్రె కాదు, మేక కాదు. భారత, నేపాల్ దేశాలలో తప్ప మరెక్కడా లేని నాలుగు కొమ్ముల జంతువు. భుజం వద్ద ఎత్తు రెండు అడుగులు, బరువు 20 కిలోల ప్రాంతం. గంతులు వేస్తూ పొదలలో దాగే ఈ సాధు జంతువు మొదటి షెడ్యూలులో, పులి పక్కన ఉన్నది. “కొండమీద మేక వంటిదే కదా” అని కొట్టినవానికి పడే శిక్ష పులి వేటగానికి చెప్పిన శిక్షే.

“విల్లే కదా”

చట్టం ఆయుధాన్ని బట్టి నేరాన్ని కొలవదు. చంపడం, పట్టడం, విషం పెట్టడం, ఉచ్చు పన్నడం, ఆ పనికోసం జంతువును తోలడం, ఇవన్నీ వేట అన్న మాటలోకే వస్తాయి. జంతువు దొరకకపోయినా ప్రయత్నమే నేరం. పక్షి గుడ్లను తీయడం, గూడు చెరపడం కూడా ఇందులోవే. కనుక బాణం తప్పిపోయిందనో, తాను డప్పు మాత్రమే కొట్టాననో చెప్పుకొన్నందున బయటపడడం సాధ్యం కాదు.

గిరిజనులకు మినహాయింపు ఉన్నదని మరొక నమ్మకం. వన్యప్రాణి చట్టంలో అటువంటి మినహాయింపు నికోబార్ దీవుల గిరిజనులకు మాత్రమే ఉన్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం గిరిజనులకు భూమి, తేనె, వెదురు, ఆకు వంటి అనేక హక్కులను గుర్తించింది. కాని ఆ చట్టమే సంప్రదాయ హక్కుల జాబితా నుండి వేటను, ఉచ్చు పన్నడాన్ని స్పష్టంగా మినహాయించింది. ఈ చట్టాలు కేంద్రానివి. ఇచ్ఛాపురం దాటి ఆంధ్రప్రదేశ్‌లో అడుగు పెట్టినా, ఇటు చికిటి వైపు వచ్చినా నియమం ఒక్కటే.

నాటు తుపాకి సంగతి ఇంకా కఠినం. లైసెన్సు లేని తుపాకిని ఇంట్లో ఉంచుకొన్నందుకే ఆయుధాల చట్టం క్రింద, 2019 సవరణ తరువాత, కనీసం 2 సంవత్సరాలు, గరిష్ఠంగా 5 సంవత్సరాల జైలు. దొంగచాటుగా తయారు చేసినవానికి 7 సంవత్సరాల నుండి యావజ్జీవం వరకు శిక్ష. ఒక జంతువును కూడా చంపకపోయినా ఈ కేసు నిలుస్తుంది.

1959 నాటి ఆయుధాల చట్టం రైతుకు ఒక వెసులుబాటు ఇచ్చింది. పంట కాపలాకు గొట్టం మూతి నుండి మందు కూరే తుపాకికి లైసెన్సు పొందవచ్చు. కాని పంట రక్షణ లైసెన్సు వేట లైసెన్సు కాదు. ఆ తుపాకితో కుందేలును కొట్టి శిక్ష పడితే న్యాయస్థానం లైసెన్సును రద్దు చేయవచ్చు. అప్పుడు మరో 5 సంవత్సరాలు కొత్తది పొందే అర్హత ఉండదు.

“మా పొలమే కదా”

ఈ మూడవ మాటలో బాధ ఉన్నది. నాలుగు నెలలు కష్టపడి పెంచిన వేరుశనగను, చిలగడదుంపను అడవి పందుల మంద ఒక్క రాత్రిలో త్రవ్విపోస్తే రైతు గుండె మండడం సహజం. చట్టం ఆ బాధను గుర్తించకపోలేదు. రెండవ షెడ్యూలు జంతువు ప్రాణానికి గాని, నిలిచి ఉన్న పంటతో సహా ఆస్తికి గాని ప్రమాదకరంగా మారినప్పుడు, రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షకుడు గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని కారణాలు వ్రాసి దానిని చంపడానికి ఉత్తర్వు ఇవ్వవచ్చు. కేరళ 2022లో ఇటువంటి అధికారాన్ని అడవి పందుల విషయంలో స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించింది. ముఖ్యమైన సంగతి ఏమంటే, ఉత్తర్వు ముందు రావాలి, తుపాకి తరువాత పేలాలి. తనపైకో, మరొకరిపైకో దూకిన జంతువును సదుద్దేశంతో ప్రాణరక్షణకై చంపితే నేరం కాదు. కాని ఆ సమయంలో తానే చట్టవిరుద్ధమైన వేటలో ఉన్నవానికి ఆ రక్షణ లేదు.

ఉత్తర్వు కోసం తిరగలేక కొందరు కరెంటు తీగ పరుస్తారు. ఇది అన్నిటికంటె ఘోరమైనది. విద్యుత్ లైను నుండి దొంగతనంగా తీసిన కరెంటు ఆగకుండా ప్రవహిస్తుంది. తగిలిన ప్రాణి కండరాలు బిగుసుకుపోయి వదిలించుకోలేదు. పంది కోసం పరచిన తీగకు ఏనుగు, పొరుగువాని ఎద్దు, తెల్లవారుజామున పొలానికి నడిచిన మనిషి ఎవరైనా బలి కావచ్చు. మనిషి మరణిస్తే నరహత్య కేసు తప్పదు. అంగడిలో దొరికే సౌర కంచె వేరు. దాని యంత్రం క్షణంలో అతి చిన్న భాగం సేపు మాత్రమే విద్యుత్తును పంపి ఆపుతుంది, మరల పంపుతుంది. జంతువు అదిరి వెనుదిరుగుతుంది, చావదు. నలుగురు రైతులు కలిసి ఒకే కంచె వేసుకొంటే ఖర్చు పంచుకోవచ్చు. పిండిలో దాచిన నాటు బాంబు కూడా కరెంటు తీగ వంటిదే. అది పంది నోటికే అందుతుందన్న హామీ లేదు. మేతకు వెళ్లిన ఆవు నోట పేలవచ్చు, పిల్లవాని చేతిలో పేలవచ్చు.

కొన్నవాడు, తిన్నవాడు

వేటకు వెళ్లనివారికి కూడా ఒక హెచ్చరిక అవసరం. వేటాడినదైనా, దారిలో చచ్చి పడినదైనా, పొరపాటున చనిపోయినదైనా అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. అటువంటిది చేతికి చిక్కితే 48 గంటలలోగా పోలీసు స్టేషనులో గాని, అటవీ అధికారికి గాని తెలపాలి. ఇంట్లో మాంసమో, కొమ్మో, చర్మమో దొరికితే అది అక్రమమైనదనే న్యాయస్థానం మొదట భావిస్తుంది. కాదని నిరూపించుకొనే భారం ఇంటివారిదే. మాంసం తెచ్చిన మోటారు సైకిలును, ఆటోను స్వాధీనం చేసుకొంటారు, శిక్ష పడితే అవి ప్రభుత్వపరం కావచ్చు. అరకిలో మాంసానికి ఆశపడి అప్పు తెచ్చి కొన్న బండిని పోగొట్టుకోవడం ఏమి లాభం? పైగా నాటు తుపాకిలో కూరేది తరచుగా సీసపు గుళ్లు. ఆ సీసం సన్నని తునకలై మాంసంలో కలుస్తుంది, వండినా పోదు. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకు సీసం హాని చేస్తుందని వైద్యశాస్త్రం చెబుతున్నది.

గంజాం చూపిన దారి

దూరదేశాల ఉదాహరణలు అక్కరలేదు. ఈ జిల్లాలోనే ఆస్కా, బుగుడ ప్రాంతాలలోని భేటనోయి, బలిపదర్ గ్రామాల పొలాలలో కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయి. అది అభయారణ్యం కాదు, రైతుల భూమి. కరువు కాలంలో జింకలు వచ్చిన తరువాత వాన కురిసిందని అక్కడి పెద్దలు చెబుతారు. పొలంలో జింక అడుగు పడితే శుభమని నమ్ముతారు, కొంత పైరు పోయినా సహిస్తారు. అటవీ శాఖ లెక్కల ప్రకారం గంజాంలో 2011లో సుమారు 2,200 ఉన్న కృష్ణజింకలు 2021 నాటికి 7,300 దాటాయి.

చిలికా ఉత్తరపు అంచున ఖుర్దా జిల్లాలోని మంగళాజోడి కథ మరొకటి. వలస పక్షులను చంపి అమ్మడం ఒకప్పుడు ఆ ఊరిలో పలువురికి జీవనాధారం. 2000 సంవత్సరంలో అక్కడ పక్షి రక్షణ సమితి ఏర్పడింది. పక్షి గూడు ఎక్కడో, ఏ వేళకు ఎటు ఎగురుతుందో వేటగానికి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? ఆ తెలివితోనే పాత వేటగాళ్లు కాపలాదారులైనారు. నేడు పడవలపై యాత్రికులకు పక్షులను చూపి జీవిస్తున్నారు.

ఇంటింటా చేయదగినవి

తాతల నాటి తుపాకి అటకమీద ఉండి, లైసెన్సు గడువు తీరినా, లైసెన్సుదారు మరణించినా, ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోవాలి. లైసెన్సు ఎన్నడూ లేని తుపాకి అయితే న్యాయవాదిని గాని, గ్రామ పెద్దలను గాని వెంటబెట్టుకొని వెళ్లడం మేలు. పంట నష్టం జరిగిన రోజే ఫోటో తీసి, అటవీ రేంజి కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి, నకలు దగ్గర ఉంచుకోవాలి. ఒడియాలో వ్రాయడం రానివారు బడిలోని ఉపాధ్యాయుని సాయం కోరవచ్చు. చైత్రంలో కొండవైపు చుట్టాల ఇంటికి వెళ్లే యువకులకు పండుగకు వెళ్లమని, విత్తనాల పూజ చూడమని, ఆటపాటలలో చేరమని, జట్టు అడవిలోకి బయలుదేరినప్పుడు మాత్రం ఊరిలోనే ఉండమని పెద్దలు ముందుగానే చెప్పి పంపాలి.