ఇన్‌పుట్ (పైథాన్)

పైథాన్ ప్రోగ్రామింగు భాషలో, ప్రోగ్రాము నడుస్తున్న సమయంలో వాడుకరి కీబోర్డుపై టైపు చేసిన సమాచారాన్ని స్వీకరించే ఫంక్షను పేరు ఇన్‌పుట్. కుండలీకరణాల మధ్య ఒక ప్రశ్నను వ్రాసినచో అది తెరపై కనిపిస్తుంది. ఎంటర్ మీట నొక్కేంతవరకు ప్రోగ్రాము వేచి ఉండి, ఆ తరువాత టైపు చేసిన పంక్తిని తీసుకుంటుంది. ఆ పంక్తిలో ఏమి ఉన్నప్పటికీ ఈ ఫంక్షను దానిని స్ట్రింగ్‌గానే, అనగా అక్షరాల వరుసగానే అందిస్తుంది. క్రొత్తగా నేర్చుకొనువారి చిక్కులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

అంకెలు, సంఖ్యలు

ఒక విద్యార్థికి తెలుగులో 45, గణితంలో 38 మార్కులు వచ్చాయనుకుందాం. ఈ రెంటినీ ఇన్‌పుట్ ద్వారా తీసుకొని కూడిక గుర్తుతో కలిపితే 83 రాదు, 4538 వస్తుంది. స్ట్రింగుల విషయంలో కూడిక అంటే ఒకదాని ప్రక్కన మరొకటి చేర్చడమే. ఈ తప్పు చూడగానే తెలుస్తుంది కాబట్టి ప్రమాదం తక్కువ. పోల్చేటప్పుడు జరిగే తప్పు అంత సులభంగా బయటపడదు. స్ట్రింగులను పైథాన్ నిఘంటువులోని పదాలవలె మొదటి అక్షరం నుండి పోలుస్తుంది. ఉత్తీర్ణతకు కావలసిన 35ను కూడా ఇన్‌పుట్ ద్వారానే తీసుకుంటే, 3 కంటె 1 ముందు వస్తుంది కనుక 100 తక్కువని తేలుతుంది. నూటికి నూరు తెచ్చుకున్న విద్యార్థి తప్పినవారి జాబితాలో చేరినా ప్రోగ్రాము ఏ దోషమూ చూపదు.

మార్పిడి

పూర్ణాంకం కావలసినప్పుడు ఇంట్, దశాంశ సంఖ్య కావలసినప్పుడు ఫ్లోట్ అనే ఫంక్షన్లను వాడాలి. 45కు ముందువెనుకల ఖాళీలున్నా ఇంట్‌కు అభ్యంతరం లేదు. 45.5 అనో, 1,000 అని కామాతోనో, నలభై అని అక్షరాలలోనో ఇస్తే మాత్రం వాల్యూఎర్రర్ అనే దోషంతో ప్రోగ్రాము నిలిచిపోతుంది. ట్రై, ఎక్సెప్ట్ ఆదేశాలతో ఆ దోషాన్ని పట్టుకొని వాడుకరిని మరల అడగడం మర్యాద. విశేషమేమంటే, ౪౫ అని తెలుగు అంకెలలో టైపు చేసినా పైథాన్ 3 లోని ఇంట్ దానిని 45గానే గ్రహిస్తుంది.

అంకెలున్న ప్రతిదానినీ మార్చరాదు. హైదరాబాదు ఎస్.టి.డి. కోడ్ 040ను ఇంట్‌తో మారిస్తే 40 మాత్రమే మిగులుతుంది.

పాత పద్ధతి

పైథాన్ 2లో టైపు చేసినదానిని స్ట్రింగ్‌గా ఇచ్చే ఫంక్షను పేరు రా_ఇన్‌పుట్. అప్పటి ఇన్‌పుట్ మాత్రం వాడుకరి వ్రాసినదానిని పైథాన్ వాక్యంగా భావించి అమలు జరిపేది. 45 అని టైపు చేస్తే సంఖ్యే లభించేది గాని, దురుద్దేశం కలవారు దస్త్రాలను తొలగించే ఆదేశం వ్రాసినా అది కూడా అమలయ్యేది. 2008 డిసెంబరులో వెలువడిన పైథాన్ 3.0లో ఈ పద్ధతిని తీసివేసి, రా_ఇన్‌పుట్‌కే ఇన్‌పుట్ అని పేరు మార్చారు. పాత పుస్తకాలలోని రా_ఇన్‌పుట్ ఉదాహరణలు నేటి పైథాన్‌లో పనిచేయకపోవడానికి కారణం ఇదే. ఆ పేరుకు బదులు ఇన్‌పుట్ అని వ్రాసుకుంటే సరిపోతుంది.