కువైట్ రాజ్యాంగంలో మన పూజ ఎక్కడుంది?

ఆ వినాయక చవితికి మేం ఎనిమిది మందిమి ఉంటున్న గదిలోనే మట్టి బొమ్మ పెట్టుకున్నాం. మైకు లేదు, తలుపు వేసే ఉంది. అయినా రాత్రి హారిస్ వచ్చి "ఇది ముస్లిం దేశం, ఇలాంటివి కుదరవు, తీసేయండి" అన్నాడు. కడప నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడు భయపడి దీపం ఆర్పేశాడు. నిజంగా కుదరదా? మాలో ఒక్కరికీ తెలీదు. మర్నాడు సైటులో ఈజిప్టు ఇంజినీరును బతిమాలి రాజ్యాంగం చదివించుకున్నాం.

1962 నాటి కువైట్ రాజ్యాంగం 2వ అధికరణంలో రాజ్య మతం ఇస్లాం అని, చట్టాలకు షరియత్ 'ఒక ప్రధాన ఆధారం' అని ఉంది. అరబ్బీలో ఆ మాట ముందు 'అల్' లేదు. ఉంటే 'అదే ప్రధాన ఆధారం' అయ్యేదట! ఇంతోటి 'అల్' కోసం అక్కడ చాలా ఏళ్లుగా వాదన నడిచింది. 2012లో చట్టాలన్నీ షరియత్‌కు లోబడాలని 31 మంది ఎంపీలు సవరణ ప్రతిపాదిస్తే అప్పటి అమీర్ ఒప్పుకోలేదు. 2024 మేలో పార్లమెంటును రద్దు చేసి కొన్ని అధికరణాలను నిలిపేశారు గానీ, మనకు కావలసినవి వాటిలో లేవు.

మనకు కావలసింది 35వది. నమ్మకానికి స్వేచ్ఛ సంపూర్ణం అంటుంది. ఆచరణకు వచ్చేసరికి మెలిక ఉంది: దేశంలో స్థిరపడ్డ ఆచారాల ప్రకారం ఉండాలి, శాంతిభద్రతలకు, నీతికి భంగం రాకూడదు. ఏది స్థిరపడ్డ ఆచారం? ఆ సంగతి రాజ్యాంగం చెప్పదు. చర్చిలకు గుర్తింపు ఉంది, హిందూ గుడికి లేదు. అందుకే మనవాళ్ల పూజలన్నీ ఇళ్లలోనే. పక్కవాళ్లకు ఇబ్బంది లేనంతవరకు ప్రభుత్వం అడ్డు చెప్పడం లేదు. హారిస్ చెప్పింది చట్టం కాదన్నమాట.

అలాగని అన్నీ మనిష్టం కాదు. రంజాన్ పగటిపూట బయట తినడం, తాగడం ఏ మతంవాళ్లకైనా నేరమే. 1968 నాటి 44వ నంబరు చట్టం ప్రకారం 100 దీనార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు, లేదా రెండూ. అందుకే కాంక్రీటు పోసే రోజుల్లో మనవాళ్లను నీళ్లకు వంతులవారీగా పోర్టా క్యాబిన్‌లోకి పంపిస్తాం. అన్యాయమని కొందరు కుర్రాళ్లు గొణుగుతారు. ఉపవాసంతోనే ఇటుకలు మోసే బంగ్లాదేశ్ అన్నను చూసి ఊరుకుంటారు.

మరుసటి చవితికి సాంబ్రాణి పొగ మానేసి, ముందురోజే హారిస్‌కు కబురు చెప్పాం. ఉండ్రాళ్లు పంపిస్తే తిన్నాడు. నిమజ్జనం మాత్రం బకెట్లోనే.