యూనిఫాం విప్పాక ఇంజిన్ల లెక్కలోకి

మనం ఎక్కే విమానం తోక మీద ఏ ఎయిర్‌లైన్ రంగులున్నా, విమానం దానిదే అయి ఉండాలని లేదు. ప్రపంచంలో తిరిగే ప్రయాణికుల విమానాల్లో దాదాపు సగం అద్దెవే. ఇంజిన్లను విడిగా అద్దెకిచ్చే సంస్థలూ ఉన్నాయి. కొందరు పైలట్లు యూనిఫాం విప్పి చేరుతున్నది ఈ రంగంలోనే. 1973లో అమెరికాలో మరో ఇద్దరితో కలిసి ఐఎల్ఎఫ్‌సీ అనే లీజింగ్ సంస్థ పెట్టి ఈ వ్యాపారానికి బాట వేసిన స్టీవెన్ ఉద్వర్-హాజీ కూడా స్వయంగా పైలటే.

విమానం నడిపినవాడికి అద్దె వ్యాపారంలో పనేమిటి? ఇంజిన్ ఎక్కడ, ఎలా అరుగుతుందో అతనికి అనుభవంలో తెలుసు.

ఉదాహరణకు, శంషాబాద్ విమానాశ్రయంలో ప్రధాన రన్‌వే పొడవు నాలుగు కిలోమీటర్ల పైమాటే. సగం సీట్లు నిండిన ఎయిర్‌బస్ ఏ320 అక్కడ లేవడానికి ఇంజిన్ల పూర్తి బలం అక్కర్లేదు. బయట 35 డిగ్రీలే ఉన్నా పైలట్ కంప్యూటర్‌లో 55 అని కొడతాడు. అంత వేడిగాలిలో ఎంత థ్రస్ట్ (నెట్టే బలం) ఇవ్వగలదో ఇంజిన్ అంతే ఇస్తుంది. దీన్ని ఫ్లెక్స్ టేకాఫ్ అంటారు. ఇలా 25 శాతం వరకే తగ్గించవచ్చు. లోపల టర్బైన్ బ్లేడ్లు తక్కువ కాగుతాయి, ఎక్కువకాలం మన్నుతాయి. రన్‌వే పొట్టిదై, లోడు నిండుగా ఉంటే మాత్రం పూర్తి బలం వాడక తప్పదు.

కాక్‌పిట్‌లోని ఈ చిన్న పని లీజు ఒప్పందంలో డబ్బుగా మారుతుంది. ఎయిర్‌లైన్ అద్దెతో పాటు చాలాసార్లు మరమ్మతు నిధి కూడా కడుతుంది. టేకాఫ్‌లో ఎంత థ్రస్ట్ తగ్గిస్తున్నారు, ఒక్కో ప్రయాణం ఎంతసేపు, తిరిగేది దుమ్ములోనా, ఉప్పుగాలిలోనా అన్నవాటిని బట్టి ఆ నిధి రేటు మారుతుంది. ఎనిమిది గంటలు ఏకబిగిన ఎగిరిన ఇంజిన్ కన్నా, అదే ఎనిమిది గంటల్లో ఎనిమిది సార్లు లేచి దిగినది బాగా నలుగుతుంది. సీఎఫ్ఎం56 రకం ఇంజిన్‌లో కొన్ని డిస్కుల ఆయుష్షు 20,000 ప్రయాణాలు. ఆ లెక్క నిండితే, చూడ్డానికి కొత్తగా ఉన్నా తీసెయ్యాల్సిందే. గడువు తీరి విమానం వాపసు వచ్చినప్పుడు సన్నని కెమెరా గొట్టాన్ని ఇంజిన్ లోపలికి దూర్చి బ్లేడు అంచులు ఒక్కొక్కటే చూస్తారు. అక్కడ కాలిన మచ్చ కనిపిస్తే, ఆ ఇంజిన్‌ను ఎలాంటి రూట్లలో వాడారని అడగాలని మాజీ పైలట్‌కు వెంటనే తడుతుంది.

అయితే ఆ అనుభవం ఒక్కటే చాలదు. ఇక్కడ కాగితానికి లోహమంత విలువ. 2023లో లండన్‌లోని ఏఓజీ టెక్నిక్స్ దొంగ సర్టిఫికెట్లతో ఇంజిన్ భాగాలు అమ్మిన సంగతి బయటపడితే, పలు దేశాల ఎయిర్‌లైన్లు వాటిని వెతికి పీకేయాల్సి వచ్చింది. పుట్టుపూర్వోత్తరాలు తేలని భాగం పైకి ఎంత బాగున్నా విమానానికి పనికిరాదు.

చట్టమూ తెలియాలి. 2023 మేలో గో ఫస్ట్ ఎయిర్‌లైన్ దివాలా పిటిషన్ వేశాక, యజమానులు తమ విమానాలను తీసుకెళ్లలేక దాదాపు ఏడాది ఎదురుచూశారు. 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఆదేశిస్తే గానీ 54 విమానాలను తీసుకెళ్లడానికి అవసరమైన రిజిస్ట్రేషన్ రద్దు జరగలేదు. ఆ చిక్కు మళ్లీ రాకుండా భారత్ 2025లో ప్రత్యేక చట్టం తెచ్చింది.

మెడికల్ పరీక్షలో ఫెయిలయ్యాకో, 65 ఏళ్ల వయసు గడువు దగ్గరపడ్డాకో ఈ వైపు చూడటం ఆలస్యమే అంటాను. ఎగురుతుండగానే ఇంజనీర్ల పక్కన నిలబడి లాగ్‌బుక్కులు చదవాలి, ఒక లీజు ఒప్పందాన్నైనా మొదటినుంచి చివరిదాకా చూడాలి. 2025 నవంబరులో శంషాబాద్‌లోనే సఫ్రాన్ సంస్థ లీప్ ఇంజిన్ల ఓవర్‌హాల్ కేంద్రానికి ప్రారంభోత్సవం జరిగింది. విప్పిన ఇంజిన్‌ను చూడాలంటే హైదరాబాద్ పైలట్ ఇక ఊరు దాటక్కర్లేదు.