అక్వేరియంలో డ్రిఫ్ట్‌వుడ్

నదీప్రవాహంలోనో సముద్రపు అలలలోనో కొట్టుకువచ్చి ఒడ్డుకు చేరిన కొయ్యను డ్రిఫ్ట్‌వుడ్ అంటారు. ఇళ్ళలో చేపలు పెంచే గాజుతొట్టెలలో (అక్వేరియంలలో) అమర్చే ఎండు వేరుమొద్దులకు, కొమ్మలకు కూడా వాడుకలో ఇదే పేరు స్థిరపడింది. ఇది చేపలకు నీడను, దాగుచోటును కల్పిస్తుంది. దక్షిణ అమెరికాకు చెందిన పనాక్ వంటి సక్కర్ చేపలు దీనిని గీకి తింటాయి కూడా.

తేలడానికి కారణం

కొయ్యలోని కణకవచాల పదార్థం నీటికంటె సుమారు 1.5 రెట్లు సాంద్రమైనది. అయినా ఎండుకొయ్య తేలడానికి కారణం దాని కణాలలో నిండి ఉన్న గాలి. ఆ గాలి తొలగి నీరు చేరినప్పుడు కొయ్య మునుగుతుంది. దక్షిణ ఆఫ్రికా ప్రాంతపు మోపానే వంటి బరువైన కొయ్యలు త్వరగా మునుగుతాయి. సన్నని వేళ్ళ వంటి తేలికరకాలకు వారాలు పట్టవచ్చు.

శుద్ధి

పచ్చికొయ్య, జిగురు కారే దేవదారు జాతుల కొయ్య, రంగు లేదా పురుగుమందు తగిలిన కొయ్య పనికిరావు. సముద్రతీరంలో దొరికిన దానిలో ఉప్పు ఇంకి ఉంటుంది గనుక మంచినీటి తొట్టెలో వాడకపోవడమే మేలు. కొయ్యను గట్టి బ్రష్షుతో రుద్ది కడగాలి. సబ్బు వాడరాదు, అది కొయ్యలోకి ఇంకిపోతుంది. తరువాత ఒకటి రెండు గంటలు నీటిలో మరగించి, నీరు మారుస్తూ మునిగేవరకు నానబెట్టాలి.

నానిన నీరు తేనీటి రంగుకు మారుతుంది. ఇది టానిన్ల వలన కలిగే మార్పు. బ్రెజిల్‌లోని రియో నీగ్రో నది నీరు సహజంగానే ఇటువంటిది. కార్డినల్ టెట్రా చేపలు అక్కడివే. రంగు నచ్చనివారు ఫిల్టరులో ఉత్తేజిత బొగ్గును వాడవచ్చు. అయితే క్షారగుణం గల మలావీ సరస్సు చేపల తొట్టెకు డ్రిఫ్ట్‌వుడ్ అంతగా తగదు. మొదటి వారాలలో కొయ్యపై తెల్లని జిగట పొర ఏర్పడుతుంది. చూడడానికి బాగుండదు గాని దాని వలన హాని లేదు. రొయ్యలు, నత్తలు దానిని తినివేస్తాయి.

బిగింపు

కొయ్యను తొట్టె గోడల మధ్య ఇరికించడం చాలామంది చేసే పొరపాటు. నీరు పీల్చిన కొయ్య అడ్డంగా ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి గాజు పగిలితే నీరూ చేపలూ నేలపాలవుతాయి. పైన రాయి పెట్టడం కూడా తాత్కాలికమే. రాయి జారిపడితే అదే ప్రమాదం.

పలకరాతి బిళ్ళకు రంధ్రం చేసి, అడుగునుండి స్టెయిన్‌లెస్ స్టీల్ మరతో కొయ్యకు బిగించడం నమ్మదగిన పద్ధతి. ఒకప్పుడు బడిపిల్లల చేతులలో ఉండిన మార్కాపురం పలకలు ఈ రాతివే. మర తల రాతిలోకి దిగి ఉండాలి, లేనిచో అది అడుగు గాజుపై ఒక్కచోటనే నొక్కుతుంది. బిళ్ళపై కంకర పరచినచో అది కనబడదు, కొయ్య కదలదు. తెలుగునాట సులభంగా దొరికే కడప నల్లరాయి చూపుకు పలకరాయి వలె ఉన్నా అది సున్నపురాయి. ఆమ్లగుణం గల నీటిలో అది కొద్దికొద్దిగా కరిగి నీటి కఠినత్వాన్ని పెంచుతుంది.

చిన్న కొమ్మలకు అక్వేరియం సిలికాన్ చాలు. అది పూర్తిగా ఆరి, పులిసిన వాసన పోయిన తరువాతనే నీరు పోయాలి. లావైన మొద్దును కంకరలో లోతుగా పాతిపెట్టరాదు. గాలి ఆడని చోట అది కుళ్ళి, కుళ్ళిన గ్రుడ్ల వాసనగల హైడ్రోజన్ సల్ఫైడు వెలువడుతుంది. ఇది చేపలకు విషం. ఏళ్ళు గడచిన పిమ్మట గోటితో నొక్కితే దిగబడేటంత మెత్తబడిన కొయ్యను తొట్టెనుండి తీసివేయాలి.