బస్సు పైరంగు చాలదు, లోపలి రూపమూ కావాలి

పిల్లలు ఇసుకలో పిచ్చుక గూళ్ళు కట్టుకున్నట్టుగా, ముందే నిర్ణయించిన కథ గానీ గెలుపోటములు గానీ లేకుండా, ఆడేవారు తమ ఇష్టప్రకారం ఒక లోకాన్ని కట్టుకుంటూ తిరిగే కంప్యూటరు ఆటలను శాండ్‌బాక్స్ ఆటలంటారు. 2011లో పూర్తి రూపంలో విడుదలైన మైన్‌క్రాఫ్ట్ వీటిలో ఎక్కువమందికి తెలిసినది. ఆట తయారీదారులు కాక, ఆడేవారే రూపొందించి చేర్చుకునే మార్పును మాడ్ అంటారు. మాలియో సంస్థ 2017లో విడుదల చేసిన బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా కచ్చితంగా శాండ్‌బాక్స్ ఆట కాకపోయినా, కొత్త వాహనాలను చేర్చుకునే వీలు కల్పించడంలో ఆ తరగతికి దగ్గరగా నిలుస్తుంది. మన ఆర్టీసీ బస్సులు ఫోన్ తెరలపై కనిపించడానికి ఆ వీలే కారణం.

అయితే ఈ ఆటలో బస్సు బయటి రూపాన్ని మార్చడం తేలిక, లోపలి రూపాన్ని మార్చడం కష్టం. వాహనం బయటి భాగానికి చుట్టే రంగుల బొమ్మను లివరీ అంటారు. అది చదునైన చిత్రం కనుక ఫోన్‌లోనే గీసి అతికించవచ్చు. సీట్లు, కమ్మీలు, డ్రైవరు ముందరి మీటర్లు మాత్రం పొడవు వెడల్పు ఎత్తులు గల నమూనాలు. అవి మాడ్ తయారుచేసినవారి చేతిలోనే ఒకే ముద్దగా కలిసిపోయి వస్తాయి. అందువల్ల పైన ఆర్టీసీ పల్లెవెలుగు సర్వీసు రంగు వేసుకున్న బస్సు లోపల వేరే దేశపు బస్సులా ఉండడం తరచు జరుగుతుంది.

నర్సీపట్నం డిపో నుంచి పల్లెలకు వెళ్ళే బస్సును ఎక్కినవారికి ఆ లోటు ఎంత పెద్దదో వెంటనే తెలుస్తుంది. ఒక వైపు ముగ్గురు, మరో వైపు ఇద్దరు కూర్చునే సీట్ల వరుసలు, స్త్రీలకు కేటాయించిన చోట గోడమీది రాత, కిటికీల అడ్డ కమ్మీలు, డ్రైవరు ఎదుట దేవుని పటం, దానికి వేసిన పూలదండ — ప్రయాణికులు బస్సును గుర్తుపెట్టుకునేది వీటితోనే గాని పైరంగుతో కాదు. ఆర్టీసీయే నడిపే సూపర్ లగ్జరీ బస్సులో ఇరువైపులా ఇద్దరేసి కూర్చునే, వెనక్కు వాలే సీట్లుంటాయి. నర్సీపట్నం నుంచి వెళ్ళే లంబసింగి ఘాట్ రోడ్డు మలుపులను తెరపై ఎంత శ్రద్ధగా నిర్మించినా, ఆ దారిని చూసే కిటికీ మనది కాకపోతే ప్రయాణం మనదనిపించదు.

ఈ లోటుకు పరిష్కారం అసలు బస్సు తయారీలోనే ఉంది. ఇంజను, చక్రాలు గల ఛాసిస్ ఒకచోట తయారై, దానిమీద బాడీని మరొకచోట కట్టడం మన దేశంలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. మాడ్‌లోనూ ఛాసిస్, బాడీ, లోపలి భాగాలు విడివిడిగా ఉండి, సీటు ఎక్కడ అమరాలో, పటం ఎక్కడ వేలాడాలో ముందే గుర్తుపెట్టిన బిందువులుంటే, ఒక భాగాన్ని తీసి మరొకదాన్ని పెట్టుకోవచ్చు. ఇది కొత్త ఊహ కాదు. గారీస్ మాడ్ అనే శాండ్‌బాక్స్ ఆటలో ఒకే నమూనాలోని భాగాలను మార్చుకునే ఏర్పాటును బాడీగ్రూప్ అని, పైపూతను మార్చుకునే ఏర్పాటును స్కిన్ అని పిలుస్తారు. 1963లో మొదలైన బ్రిటిష్ టీవీ ధారావాహిక డాక్టర్ హూలో, బయటికి చిన్న పెట్టెలా కనిపించి లోపల విశాలంగా ఉండే టార్డిస్ అనే వాహనానికి, అదే ఆటలో అభిమానులు అనేక లోపలి రూపాలు తయారుచేసి, ఎవరికి నచ్చినది వారు ఎంచుకునేలా అమర్చారు.

ఫోన్ శక్తికి గల పరిమితిని మాత్రం మరువరాదు. నమూనా ఉపరితలాన్ని కూర్చే చిన్న ముక్కలను పాలిగాన్‌లంటారు. అవి పెరిగినకొద్దీ ఆట మందగిస్తుంది కనుక, ఒకే సీటు నమూనాను వరుసలన్నిటికీ తిరిగి వాడుకోవడం, దూరం నుంచి చూసినప్పుడు లోపలి వివరాలను తగ్గించడం తప్పనిసరి.

అలంకరణకు కూడా ఇతర దేశాలవైపు చూడనవసరం లేదు. నర్సీపట్నం ఉన్న అనకాపల్లి జిల్లాలోనే వరాహ నది ఒడ్డున, అంకుడు కర్రను లక్కతో రంగులద్ది చేసే ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అటువంటి బొమ్మ ఒకటి డ్రైవరు ముందు నిలిస్తే ఆ బస్సు ఏ ప్రాంతానిదో ఎవరూ అడగనవసరం లేదు. కనుక తెలుగు మాడ్‌లు తయారుచేసేవారు బస్సు లోపలి భాగాలను విడదీసి, ఇతరులు మార్చుకోవడానికి అనుమతితో సహా అందించాలి. ఇటువంటి నమూనాలు తయారుచేసే బ్లెండర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెలిసిన విద్యార్థులు తమ ఊరి బస్సు సీటు కొలతలతోనే ఆ పని మొదలుపెట్టాలి.