విద్యార్థుల ఉత్సవం: తెర వెనుక ఏర్పాట్లు

భిలాయ్ పవర్ హౌస్ పరిసరాల్లో నివసించే మీలో కొందరు టెంట్ హౌస్‌లోనో, మైక్ సెట్టు దుకాణంలోనో పనిచేస్తూ ఉండవచ్చు. అటువంటి వారికి ఈ పాఠంలోని సంగతులు కొన్ని ముందే తెలిసి ఉంటాయి. పెళ్ళి పందిరి వేయడానికీ, విద్యార్థుల ఉత్సవానికి ఏర్పాట్లు చేయడానికీ తేడా ఏమిటి? పెళ్ళికి ఎవరెవరు వస్తారో ఇంటివారికి తెలుసు. ఉత్సవానికి ఎంతమంది వస్తారో ఖచ్చితంగా చెప్పడం కష్టం.

మీకు దగ్గరలోనే ఒక ఉదాహరణ ఉంది. ఐఐటీ భిలాయ్ 2016లో ఏర్పడింది. దుర్గ్ జిల్లా కుటేలాభాటాలోని దాని శాశ్వత ఆవరణకు 2024 ఫిబ్రవరి 20న ప్రారంభోత్సవం జరిగింది. అదే సంవత్సరం అక్టోబరు 26న ఆ సంస్థ స్నాతకోత్సవానికి రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము విచ్చేశారు. తరువాత నెల ‘మెరాజ్’ అనే విద్యార్థుల ఉత్సవం జరిగింది. ఈ రెండింటినీ పోల్చి చూడండి.

రాష్ట్రపతి వచ్చే సభలో విద్యార్థులు నిర్ణయించేది తక్కువే. వేదిక, దారులు, వాహనాలు నిలిపే చోటు, లోపలికి వచ్చేవారి పేర్లు అన్నీ పోలీసులు, జిల్లా అధికారులు ముందుగా పరిశీలిస్తారు. కార్యక్రమం నిమిషాల లెక్కన నడుస్తుంది. ఇది చాలా కష్టమైన పని అనిపిస్తుంది. నిజానికి ప్రతి పనికీ ఒక బాధ్యుడు ఉంటాడు కాబట్టి ఒక విధంగా ఇదే సులువు.

విద్యార్థుల ఉత్సవంలో ఆ బాధ్యులను విద్యార్థులే ఏర్పరచుకోవాలి. 2024 మెరాజ్‌లో ఒక హాస్య కళాకారుడు అసభ్య పదాలు వాడాడన్న ఫిర్యాదుపై పోలీసు కేసు నమోదయింది. పిలిచే కళాకారునితో ముందే వ్రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. ప్రేక్షకులలో కుటుంబాలు, పిల్లలు ఉంటారా అన్నది అందులో స్పష్టంగా చెప్పాలి. డబ్బు సంగతి అందరూ వ్రాసుకుంటారు, ఈ సంగతి మరచిపోతారు!

అన్నిటికంటే ముఖ్యమైనది జనం రాకపోకలు. 2023 నవంబరు 25న కేరళలోని కొచ్చిన్ విశ్వవిద్యాలయంలో సాంకేతిక ఉత్సవం సందర్భంగా సంగీత కచేరీ ఏర్పాటు చేశారు. ఆరుబయలు రంగస్థలం లోపల కొందరు, గేటు బయట చాలామంది ఉన్నారు. వాన మొదలయింది. తడవకుండా ఉండాలని బయటివారు ఒక్కసారిగా లోపలికి తోసుకువచ్చారు. గేటు దాటగానే కిందికి దిగే మెట్లు. ముందువారు జారి పడ్డారు, వెనుకవారికి అది కనిపించలేదు. నలుగురు మరణించారు. పాట ఇంకా మొదలే కాలేదు.

ఇందులో గమనించండి: వాన తప్పు కాదు, కుర్రవాళ్ళ తొందర మాత్రమే కారణమూ కాదు. ఎక్కువమంది ఒకే గేటు దగ్గర ఆగినప్పుడు, ఆ గేటు వెనుక మెట్లు ఉన్నప్పుడు, చిన్న కదలిక చాలు. అందువల్ల వచ్చే దారి, పోయే దారి వేరువేరుగా ఉండాలి. గేట్లు ముందుగానే తెరచి, జనాన్ని కొద్దికొద్దిగా పంపాలి. నిండిన తరువాత ఎవరు మూస్తారో, వాన వస్తే ఎక్కడ నిలబెడతారో ముందే నిర్ణయించాలి. అంబులెన్సు వచ్చే బాటలో కుర్చీలు, దుకాణాలు పెట్టనివ్వకూడదు.

లౌడ్‌స్పీకరుకు వ్రాతపూర్వక అనుమతి అవసరం. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట వాడరాదు. కొన్ని పండుగ రోజులకు రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు.

మీరే చేసి చూడండి: మీ వీధిలో వేసే వినాయక చవితి పందిరికి ఎన్ని దారులున్నాయి? వాటిలో ఒకటి మూసుకుపోతే జనం ఎటు వెళ్తారు? బొమ్మ గీసి బాణపు గుర్తులతో చూపండి.